మూడు బట్టల కొట్లు, రెండు రాష్ట్రాలు: బిల్లింగు, నెట్టు ఎలా పెట్టుకోవాలి?

గజపతి_రెడీమేడ్స్ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం అండి. మాది ఒడిశాలోని పర్లాకిమిడిలో రెడీమేడ్ బట్టల కొట్టు, తాతగారు పెట్టింది. నాన్నగారు ఇప్పటికీ చేత్తో బిల్లు రాసి రాత్రి గల్లా లెక్క చూసుకుని పుస్తకంలో ఎక్కిస్తారు, జీఎస్టీ వచ్చాక ఒక కంప్యూటరు తెచ్చి నెలకోసారి ట్యాలీలో ఎంట్రీలు కొట్టి ఆడిటరు గారికి పంపుతున్నాం, అంతవరకే మా కంప్యూటరు వ్యవహారం. గుణుపురంలో రెండో కొట్టు బాబాయి చూస్తారు. ఇప్పుడు బోర్డరు అవతల ఆంధ్రాలో పాతపట్నంలో మూడోది తీస్తున్నాం, అడ్వాన్సు కూడా ఇచ్చేశాం, దసరా సీజనుకి ముందే తెరవాలని ఇంట్లో అందరి ఆశ.

మూడు కొట్లయ్యాక చేతిరాతతో అవ్వదని నాన్నగారే అన్నారు. ఇప్పటికే ఒక సైజు ఇక్కడ లేకపోతే గుణుపురం ఫోన్ చేసి, అక్కడ బాబాయి బేరంలో ఉంటే ఫోన్ ఎత్తక, ఈలోపు వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారు. ఏ సరుకు ఎక్కడ ఎంత ఉందో మూడు చోట్లా కనబడాలి, సాయంత్రానికి మూడు గల్లాల లెక్క ఒకచోట చూసుకోవాలి, బార్‌కోడు కొడితే బిల్లు రావాలి. ఇంతే కావాల్సింది.

ఇద్దరు వచ్చి కొటేషన్లు ఇచ్చారు. ఒకాయనేమో పర్లాకిమిడిలో సర్వర్ పెట్టి స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని ఇంటర్నెట్ అడ్రసు) తీసుకుంటే మిగతా రెండు కొట్లూ రిమోట్ డెస్క్‌టాప్‌లో దానిలోకే వచ్చి బిల్లు కొట్టుకోవచ్చు అంటున్నారు. రెండో ఆయన సర్వరూ వద్దు ఏమీ వద్దు, అంతా క్లౌడు, బ్రౌజరు తెరిస్తే చాలు, ఏడాదికింత అద్దె అంటున్నారు. ఇద్దరిదీ వింటుంటే ఇద్దరిదీ నిజమే అనిపిస్తోంది. మా దగ్గర ఫైబరు ఉంది, గుణుపురంలో లోకల్ కేబుల్ ఆయన ఇచ్చిన లైను, వానాకాలంలో కరెంటూ నెట్టూ ఎప్పుడు పోతాయో తెలీదు. పండగ ముందు కొట్లో జనం నిలబడి ఉండగా బిల్లింగు ఆగిపోతే ఏంటి అన్నదే నాన్నగారి భయం, నాదీ అదే. ఇలాంటివి నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏది తీసుకోవాలి, ఏ నెట్టు పెట్టాలి?

బరంపురం_నెట్‌వర్క్స్

తమ్ముడూ, ఈ పక్క కొట్లకీ మందుల షాపులకీ కేబులు లాగి రూటర్లు పెట్టే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. సర్వరా క్లౌడా అన్న ప్రశ్నని కాసేపు పక్కన పెట్టు. నీ కొట్లో నిజంగా నెట్టు లేకపోతే ఆగే పని ఏదో ముందు చూసుకో. బార్‌కోడు చదవడానికి నెట్టు అక్కర్లేదు. ధర, పన్ను లెక్క కట్టడానికి అక్కర్లేదు, బిల్లు ప్రింటుకి అక్కర్లేదు. ఆ కొట్లో ఉన్న సరుకు ఆ కొట్లోనే అమ్ముతావు కాబట్టి స్టాకు తగ్గించడానికి కూడా అక్కర్లేదు. నెట్టు కావాల్సింది యూపీఐకి, కార్డు మిషనుకి, పక్క కొట్లో సైజు ఉందా అని చూడ్డానికి. లెక్కలు ఒకచోట చేరడం పది నిమిషాలు ఆలస్యమైనా, సాయంత్రం అయినా నష్టం లేదు.

అంటే బిల్లు కొట్టే డేటా ఆ కౌంటరు కంప్యూటర్లోనే ఉండాలి, నెట్టు ఉన్నప్పుడు మిగతా కొట్లతో కలుపుకోవాలి. ఇది కుదిరే సాఫ్ట్‌వేరు ఏదైనా పర్లేదు. కుదరనిది ఎంత గొప్పదైనా మన ఊళ్ళకి పనికిరాదు. కొటేషన్ ఇచ్చిన ఇద్దరూ డెమోకి వచ్చినప్పుడు ఒకటే పని చెయ్యి, బిల్లు సగంలో ఉండగా నెట్టు వైరు పీకెయ్. బిల్లు పూర్తై ప్రింటు రావాలి, తర్వాత ఇంకో నాలుగు బిల్లులు కొట్టాలి, కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ చేసినా అవి ఉండాలి, వైరు పెట్టాక ఒక్కటీ పోకుండా, రెండుసార్లు ఎక్కకుండా అన్నీ పైకి వెళ్ళాలి. కంప్యూటరు ఆపి ఆన్ చేసే మాట మర్చిపోవద్దు, కొన్ని బ్రౌజరు సాఫ్ట్‌వేర్లు పేజీ తెరిచి ఉన్నంతసేపే ఆఫ్‌లైన్లో నడుస్తాయి, మూసి తెరిస్తే లాగిన్ అడుగుతాయి, నెట్టు లేకుండా లాగిన్ అవ్వదు.

ఇక రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి నీకు వద్దే వద్దు. అందులో గుణుపురం కౌంటర్లో ఏమీ ఉండదు, ఒట్టి తెర. పర్లాకిమిడిలో కరెంటు పోయినా, మధ్యలో ఫైబరు తెగినా, గుణుపురంలో ఎండ కాస్తూ అన్నీ బాగున్నా అక్కడ బిల్లు ఆగిపోతుంది. పైగా మామూలు విండోస్ ప్రోలో ఒకేసారి ఒక్కరే దూరం నుంచి కూర్చోగలరు, ఇద్దరు ముగ్గురు కావాలంటే విండోస్ సర్వరు, దాని మీద మనిషికో లైసెన్సు కొనాలి, ఆ ఖర్చు కొటేషన్లో ఉందేమో చూడు. అన్నిటికంటే భయం ఏంటంటే స్టాటిక్ ఐపీ తీసుకుని ఆ రిమోట్ పోర్టుని, అంటే బయటినుంచి కంప్యూటర్లోకి వచ్చే తలుపుని, రూటర్లో నేరుగా బయటికి తెరిచి వదిలేస్తారు. పాస్‌వర్డులు గుడ్డిగా కొట్టి చూసే ప్రోగ్రాములు ఇరవై నాలుగు గంటలూ అలాంటి తలుపుల కోసమే వెతుకుతుంటాయి, రాన్సమ్‌వేర్ లోపలికి వచ్చేది ఎక్కువ ఆ దారినే. వచ్చిందంటే మీ లెక్కలన్నిటికీ తాళం వేసి, తీయాలంటే డబ్బులు అడుగుతారు.

నెట్టు సంగతి. ఒక్కో కొట్టుకి రెండు లైన్లు ఉండాలి, రెండూ వేరే వేరే దారుల్లో రావాలి. ఇక్కడ చాలామంది రెండు ఫైబర్లు తీసుకుని ధైర్యంగా ఉంటారు, కానీ మన ఊళ్ళలో ఆ రెండూ ఒకే కరెంటు స్తంభాల మీద వేలాడుతూ వస్తాయి, ఒక చెట్టు పడితే రెండూ పోతాయి. అందుకే ఒకటి ఫైబరు, రెండోది 4జీ సిమ్ము. సిమ్ము ఏ కంపెనీది అంటే ఆ కొట్లో గల్లా దగ్గర నిలబడి ఏది బాగా అందుతుందో చూసి అది తీసుకో, పర్లాకిమిడిలో బాగున్నది గుణుపురంలో ఉండకపోవచ్చు. యూపీఐ సౌండు బాక్సులోనూ కార్డు మిషన్లోనూ వాటి సొంత సిమ్ములు ఉంటాయి కదా, అవి నీ రూటరు సిమ్ము కంపెనీయే కాకుండా వేరేది ఉండేలా అడిగి పెట్టించుకో, ఒక టవరు పడుకున్నా ఇంకోటి ఉంటుంది.

రెండు లైన్లనీ కలిపే రూటరు మాత్రం ఫైబరుతో ఫ్రీగా ఇచ్చేది సరిపోదు. టీపీ లింక్ ఒమాడాలో ఈఆర్605 అని, మైక్రోటిక్‌లో హెక్స్ అని ఉంటాయి, ఒక లైను పోతే దానంతట అదే రెండోదానికి మారతాయి. మైక్రోటిక్ కావాలంటే తెలిసినవాడు సెట్ చెయ్యాలి. తెలిసినవాడు దగ్గర్లో లేకపోతే మొదటిదే మేలు.

స్టాటిక్ ఐపీ అసలు అవసరమా అంటే, కొట్ల మధ్య సొంత వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే మన కొట్లకి మాత్రమే ఉండే ప్రైవేటు దారి) పెట్టుకుంటే ఒక్కచోట ఉంటే చాలు, వైర్‌గార్డ్ అని ఉంది, కొత్త మైక్రోటిక్‌లో అది లోపలే వస్తుంది. సిమ్ము లైన్లలోనూ చాలా ఫైబర్లలోనూ ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్ళకి పంచుతారు కాబట్టి బయటినుంచి నేరుగా నీ కొట్టుకి రాలేరు, అలాంటిచోట టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ సర్వీసు పనిచేస్తుంది. కానీ సాఫ్ట్‌వేరే తన డేటాని క్లౌడుకి పంపి కలుపుకునేదైతే ఈ వీపీఎన్ గొడవ ఏదీ నీకు అక్కర్లేదు.

కొట్టు లోపల బిల్లింగు కంప్యూటరూ ప్రింటరూ వైఫై మీద పెట్టకు, క్యాట్ 6 వైరు లాగించు, వంద మీటర్ల లోపు కదా, మన కొట్టు ఎంత పెద్దదైనా సరిపోతుంది. సీసీ కెమెరాలు వేరే నెట్‌వర్కు స్విచ్చు మీద ఉండాలి, రికార్డింగు కొట్లోనే ఉన్న డబ్బాలో పడాలి, అవి క్లౌడుకి ఎక్కించడం మొదలుపెడితే నీ లైను మొత్తం అవే తాగేస్తాయి. వచ్చినవాళ్ళు వైఫై అడిగితే గెస్టు నెట్‌వర్కు పాస్‌వర్డు ఇవ్వు, బిల్లింగు ఉన్నదాంట్లోకి ఎవ్వరినీ రానివ్వకు, తెలిసినవాళ్ళైనా సరే.

కరెంటుకి కంప్యూటరు మీద యూపీఎస్ ఎలాగూ పెడతారు, రూటరునీ ఫైబరు డబ్బానీ మర్చిపోతారు. వాటికి 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు విడిగా దొరుకుతాయి, మూడు కొట్లకీ తీసుకో.

రాయగడ_హోల్‌సేల్

బాబూ, పైన తమ్ముడు చెప్పిన దానికి నేను ఒప్పుకుంటాను, ఒక మాట కలుపుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది, పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లా మీదుగానే పోయింది, అది దసరాకి సరిగ్గా వారం ముందు. మీ నాన్నగారికి బాగా గుర్తుండే ఉంటుంది, కరెంటు లేదు, సిగ్నల్ లేదు. ఫైబరూ సిమ్ము రెండూ ఉన్నా టవర్ల బ్యాటరీలు అయిపోయాక అన్నీ ఒకటే. మనకి ఈ తుపాన్లన్నీ పండగ సీజనులోనే వస్తాయి, ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, గులాబ్ 2021 సెప్టెంబరు ఆఖర్లో. కాబట్టి నెట్టు లేకుండా ఒక పూట నడవడం కాదు, నాలుగు రోజులు నడవాలి, అలా నడుస్తుందా అని అడిగి కొనండి. కొన్నిటికి ఇన్ని రోజులకోసారి నెట్టులో లైసెన్సు చూసుకోకపోతే తెరుచుకోని పద్ధతి ఉంటుంది, ఆ గడువు ఎంతో కాగితం మీద రాయించుకోండి.

బట్టల వ్యాపారానికి నేను చెప్పేది ఇంకోటి, బార్‌కోడు స్టిక్కర్లు. కిరాణాలో సబ్బుకీ బిస్కెట్టుకీ కంపెనీ బార్‌కోడు ఉంటుంది, 890తో మొదలయ్యేది, కొట్టి అమ్మేయడమే. బట్టల్లో సగం సరుక్కి ఉండదు, మనమే అతికించాలి, సైజుకొకటి రంగుకొకటి. స్టిక్కరు ప్రింటరు కొనేటప్పుడు రిబ్బను వేసేది తీసుకోండి, వేడితో నేరుగా నల్లబడే కాగితం చవకే కానీ ఎండ తగిలే అద్దాల బీరువాలో ఏడాదికి తెల్లబడిపోతుంది, స్కానరు చదవదు, ఆ చొక్కా ధర ఏంటో మళ్ళీ ఎవరినో అడగాలి. బిల్లు ప్రింటరు మాత్రం మామూలు థర్మలే, 80 మిల్లీమీటర్లది. స్కానరు 2డీ తీసుకోండి, ఫోను తెర మీది క్యూఆర్ కూడా చదువుతుంది.

సెకండ్ హ్యాండు కంప్యూటర్లు చవగ్గా వస్తున్నాయని ఎవరైనా చెప్తే విండోస్ 11 ఎక్కుతుందో లేదో చూసి కొనండి. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, పాతవి అమ్మేసేవాళ్ళు అందుకే అమ్మేస్తున్నారు.

ఇంకా అన్నిటికన్నా ముఖ్యం, సరుకు పేర్లు ఒకే చోట తయారవ్వాలి. మూడు కొట్లలో ముగ్గురు మూడు రకాలుగా అదే జీన్సు ప్యాంటుని ఎక్కిస్తే ఏ సాఫ్ట్‌వేరూ స్టాకు చూపించలేదు. కొత్త ఐటమ్ పెట్టే అధికారం ఒక్కరికే ఉండాలి, మిగతా కొట్లు అమ్మడమే. మా ఇంట్లో ఆ పని మా కోడలు చూస్తుంది, ఆవిడ కాక ఇంకెవరూ ముట్టుకోరు, అందుకే మా లెక్క కుదురుతోంది.

గజపతి_రెడీమేడ్స్

అన్నయ్యా, రాయగడ బాబుగారూ, ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. తిత్లీ మాట నాన్నగారికి చదివి వినిపించాను, ఆ సంవత్సరం గోడౌన్లో నీళ్ళొచ్చాయి, ఆయన వెంటనే రిమోట్ కొటేషన్ పక్కన పెట్టేయమన్నారు. ఇప్పుడు నాకు ఇంకో అనుమానం, పాతపట్నం ఆంధ్రాలో కదా, మూడు కొట్లకీ ఒకే జీఎస్టీ నంబరు మీద ఒకే కంపెనీలా సాఫ్ట్‌వేర్లో పెట్టొచ్చా? సరుకు ఇక్కడినుంచి ఆటోలో వేసి పంపిస్తే సరిపోతుందా?

పద్దుల_లెక్క (పార్వతీపురం)

సరిపోదండి, ఇది కొట్టు తెరవకముందే తేల్చుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషను రాష్ట్రానికొకటి. పర్లాకిమిడి, గుణుపురం రెండూ ఒడిశాలో ఉన్నాయి కాబట్టి ఒకే నంబరు మీద ఉండొచ్చు, 21తో మొదలయ్యేది, గుణుపురాన్ని అదనపు వ్యాపార స్థలంగా చూపించి ఉంటారు. పాతపట్నానికి అదే పాన్ మీద ఇంకో నంబరు, 37తో మొదలయ్యేది తీసుకోవాలి. చట్టం దృష్టిలో ఆ రెండు నంబర్లూ ఇద్దరు వేరే మనుషులు. పర్లాకిమిడి నుంచి గుణుపురం సరుకు పంపితే డెలివరీ చలానా మీద వెళ్తుంది, పన్ను లేదు. అదే పాతపట్నం పంపితే డబ్బులు చేతులు మారకపోయినా ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాల మీద పన్ను) వేసి ఇన్‌వాయిస్ కొట్టాలి, అక్కడ కట్టాల్సిన పన్నులోంచి దాన్ని క్రెడిట్‌గా తగ్గించుకుంటారు. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే పత్రం) కూడా. బోర్డరు అంత దగ్గర కదా అని వదిలేయొద్దు, దూరానికీ దీనికీ సంబంధం లేదు. ఒకవేళ మీరు కాంపోజిషన్లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే రాష్ట్రం దాటి పంపడమే కుదరదు, అది ముందు మీ ఆడిటరు గారితో మాట్లాడండి.

అందుకని సాఫ్ట్‌వేరు అమ్మేవాళ్ళని అడగాల్సింది మూడు బ్రాంచిలు పెట్టగలరా అని కాదు, రెండు జీఎస్టీ నంబర్ల మధ్య స్టాకు బదిలీ చేస్తే దానంతట అది ఐజీఎస్టీ బిల్లు వేసి అవతల కొనుగోలుగా ఎక్కిస్తుందా అని. చాలా చవక ప్యాకేజీల్లో బ్రాంచి బదిలీ అంటే చలానా ఒక్కటే ఉంటుంది. ఇదే లెక్కన, పర్లాకిమిడిలో కొన్న చొక్కా పాతపట్నంలో మార్చుకుంటాం అని ఎవరైనా వస్తే అక్కడ వాపసు బిల్లు కొట్టకూడదు, అమ్మిన నంబరే క్రెడిట్ నోటు (వాపసు పత్రం) ఇవ్వాలి. మార్పిడి కొన్న రాష్ట్రంలోనే అని బిల్లు కింద ప్రింటు చేయించండి, గొడవ ఉండదు.

బిల్లు నంబర్ల గురించి. నియమం ఏంటంటే నంబరు 16 అక్షరాలు దాటకూడదు, వరసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు. వరసలు ఎన్నైనా పెట్టుకోవచ్చు. నెట్టు లేకుండా బిల్లులు కొట్టేటప్పుడు రెండు కౌంటర్లు ఒకే వరస వాడితే అదే నంబరు రెండుసార్లు పడుతుంది, కాబట్టి ఒక్కో కౌంటరుకి దాని సొంత వరస, ముందు ఆ కొట్టు గుర్తు. మీ నాన్నగారు రాసే బిల్లు పుస్తకం కూడా పారేయకండి, దానికీ ఒక వరస పెట్టి నంబర్లు అచ్చువేయించి ప్రతి కొట్లో గల్లా కింద ఒకటి ఉంచండి. తుపాను రోజున యూపీఎస్ కూడా అయిపోతే దాని మీద రాసి, కరెంటు వచ్చాక అదే నంబరుతో ఎక్కించుకోవచ్చు, పూర్తిగా సక్రమమే.

రేట్లు డెమోలోనే పరీక్షించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ బట్టలకి ఒక్కోటి 2,500 వరకు 5 శాతం, దాటితే 18. ఆ 2,500 పన్ను కలపకముందు ధర. మనం చీటీ మీద పన్నుతో కలిపిన ధర రాస్తాం కదా, 2,600 అని రాసిన కోటు బిల్లు కొట్టించండి. అందులో కలిసిన 5 శాతం పన్ను తీసేస్తే, అంటే 2,600ని 1.05తో భాగిస్తే, 2,476 వస్తుంది, కాబట్టి 5 శాతమే పడాలి. సాఫ్ట్‌వేరు చీటీ ధరని 2,500తో పోల్చి 18 వేసిందంటే మీ లాభంలోంచి పోతుంది. అలాగే 3,000 కోటుకి డిస్కౌంటు ఇచ్చి 2,400కి అమ్మితే అమ్మిన ధర మీదే రేటు మారాలి. చీరలు మామూలుగా గుడ్డ కిందకి వస్తాయి, ధర ఎంతైనా 5, వాటికి ఈ మెట్టు తగలకూడదు. బరంపురం పట్టు పెడతారేమో కాబట్టి చెప్తున్నాను.

ఇంకొకటి, ఇది బోర్డరు ఊళ్ళవాళ్ళకి మరీ ముఖ్యం. పాతపట్నం వైపు నుంచి వచ్చి పర్లాకిమిడిలో కొనేవాళ్ళు ఉంటారు కదా. 2023 అక్టోబరు 1 నుంచి, రిజిస్ట్రేషను లేని మామూలు కస్టమరు అడ్రసు బిల్లులో రాస్తే ఆ అడ్రసు ఏ రాష్ట్రమైతే అమ్మకం అక్కడిదే అవుతుంది, అంటే ఐజీఎస్టీ. అడ్రసు లేకపోతే కొట్టు ఉన్న రాష్ట్రమే. ఫోను నంబరు పేరు తీసుకుని పాయింట్లు ఇచ్చుకోండి, అడ్రసు గడి ఖాళీగా ఉంచమని కౌంటర్లో చెప్పండి. ఎవరైనా అడ్రసు వేయమని అడిగితే సాఫ్ట్‌వేరు పన్ను మార్చాలి, మారుస్తుందో లేదో అదీ డెమోలోనే చూడండి.

లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. క్లౌడు అద్దె కట్టడం మానేస్తే మీ పాత డేటా మీకు ఏ రూపంలో ఇస్తారో అడగండి. ఎక్సెల్‌లో మొత్తం దింపుకోవడం కుదరనిది కొనకండి.

గజపతి_రెడీమేడ్స్

గురువుగారూ, 2,600 కోటు లెక్క ఇవాళే క్లౌడు ఆయనకి ఫోన్లో అడిగాను, చూసి చెప్తానన్నారు. నెట్టు లేకుండా నడిచే డెస్క్‌టాప్ వెర్షను కూడా వాళ్ళకి ఉందట, ధర కొంచెం ఎక్కువ, అది తీసుకొచ్చి చూపించమన్నాను, గుణుపురం కొట్లోనే చూపించమన్నాను. చివరిగా ఒక్కటి అడుగుతాను. మా దగ్గరికి సంత రోజుల్లో పల్లెల నుంచి వచ్చేవాళ్ళలో ఒడియా చదివేవాళ్ళు ఉంటారు, తెలుగు చదివేవాళ్ళు ఉంటారు. బిల్లు మీద సరుకు పేరు వాళ్ళ భాషలో ఉంటే బాగుంటుందని అమ్మ కోరిక. ఆ చిన్న ప్రింటర్లలో అది అవుతుందా?

బరంపురం_నెట్‌వర్క్స్

అవుతుంది తమ్ముడూ, మంచి ఆలోచన. ఆ ప్రింటర్ల లోపల ఉండే అక్షరాల్లో మామూలుగా తెలుగూ ఒడియా ఉండవు, అందుకే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో పడతాయి. బిల్లుని బొమ్మలా తయారుచేసి విండోస్ డ్రైవరు ద్వారా పంపే పద్ధతి ఉంటే ఏ భాషైనా వస్తుంది, కొంచెం నెమ్మదిగా వస్తుంది, పొడుగు బిల్లైతే తేడా తెలుస్తుంది. సరుకు పేరుకి సాఫ్ట్‌వేర్లో రెండో గడి ఉందా, కస్టమర్ని బట్టి ఏది ప్రింటవ్వాలో కౌంటర్లో ఒక్క నొక్కుతో మార్చొచ్చా చూడు. జీఎస్టీ నంబరు, హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకాన్ని చెప్పే కోడు), మొత్తాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచు.

రాయగడ_హోల్‌సేల్

ఒడియా పేర్లు ఎక్కించేటప్పుడు మన తెలుగువాళ్ళం విని రాయకుండా మీ కొట్లో పనిచేసే ఒడియా పిల్లల చేత రాయించండి బాబూ, సరిగ్గా ఉంటాయి. డెమోకి పగలు వేళ కాకుండా గుణుపురంలో సంత ఉన్న రోజు సాయంత్రం రమ్మనండి, బాబాయిగారి కౌంటర్లో జనం ఉండగా, అక్కడ పనిచేసే పిల్లలే బిల్లులు కొట్టాలి, అమ్మడానికి వచ్చినాయన చెయ్యి పెట్టకూడదు.